వర్ధన్నపేట పిల్లలు వంకాయ వంక చూడలేదు

వరంగల్ నుంచి వర్ధన్నపేటకు వెళ్లేవారు పొద్దున్నే ఏడింటి ఖమ్మం బస్సు పట్టుకోవడం మేలు. తరువాతి దాంట్లో నిలబడటానికైనా చోటుండదు. డెబ్భైల చివర్లో నేను మట్టెవాడ నుంచి రిక్షాలో వచ్చి ఆ బస్సే ఎక్కాను. అక్కడొక బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పి చూపించాలి. హెడ్మాస్టరుకు నచ్చితే డ్రాయింగు టీచరు ఉద్యోగం నాది, లేకపోతే మళ్లీ ఇంట్లో కూర్చోవడమే.

పక్కసీటు అవ్వ రంగులూ బ్రష్షులూ వంకాయలూ ఉన్న నా సంచిలోకి తొంగి చూసింది.

"వరంగల్ నుంచి ఊరికి వంకాయలు మోస్తున్నవా బిడ్డా? మా చేన్ల శానున్నయి."

"పిల్లలతోని బొమ్మ గీయించనీకి అవ్వా."

"గీసినంక పారెయ్యకు, కూరొండుకో."

ఎనిమిది దాటాక దిగి, బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ కారానికి కళ్లు చెమర్చాయి. బడికి నడిచే వెళ్లాను.

ఐదో తరగతిలో బల్లమీద తొడిమతో సహా ఒక వంకాయ పెట్టి, "చూసి వెయ్యండి" అన్నాను. ఒక్కరూ దానివంక చూడరే! తలలు దించుకుని, పక్కవాళ్లకు కనబడకుండా చేతులు అడ్డంపెట్టి గీశారు. అన్నీ కోడిగుడ్లే. వెనక బెంచీలో హెడ్మాస్టరు గడియారం చూసుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"వంకాయను చూస్తలేవేందమ్మా?" అని ముందు వరసలోని సుగుణ అనే పిల్లను అడిగాను.

"చూసి రాస్తే సారు కొడ్తరు టీచర్," అంది మెల్లగా.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీళ్లకు చూడటమంటే కాపీ కొట్టడమే.

"ఇది పరీక్ష కాదు. వంకాయ మీద కాపీ కొట్టండి," అన్నాను. పిల్లలంతా వెనక్కి తిరిగి హెడ్మాస్టరును చూశారు.

"కొట్టుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, నేనేమనను," అన్నారాయన.

అంతే, అందరూ బల్లచుట్టూ మూగారు.

"టీచర్, ఇది మొత్తం ఊదా లేదు. కిటికీ దిక్కు తెల్లగ మెరుస్తాంది," అంది సుగుణ.

మెరిసేచోట కాగితాన్ని తడపకుండా వదిలి, చుట్టూ పలచగా రంగు పారించమన్నాను. వంకరో టింకరో, అన్నీ వంకాయలే అయ్యాయి. కాసేపటికి హెడ్మాస్టరు కూడా ఒక బ్రష్షు అడిగి తీసుకుని పిల్లల మధ్య కూర్చున్నారు. ఉద్యోగం సంగతి ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

నేను బయల్దేరుతుంటే ఆయనే గేటు దాకా వచ్చారు.

"సోమారం నుంచి వస్తరు గద టీచరమ్మా. ఇంకో వంకాయ తెండి, నాది కుదరలే."

ప్రాణం లేచొచ్చింది. తిరుగు బస్సులో సీటు దొరక్క వరంగల్ దాకా నిలబడే వచ్చాను, కాళ్లు నొప్పనిపించలేదు. వర్ధన్నపేటలో చూడటానికేముందని నన్ను అడిగేవాళ్లున్నారు. మా బడిలో ఐదో తరగతికి వెళ్లండి, అక్కడి పిల్లలు ఇప్పటికీ భయం లేకుండా చూస్తున్నారు.