ఆయా ఒకరు

ఏడాది కార్డు తెచ్చింది మా ఆయన. నగరంలోని ఒక పెద్ద తోటకు, ఆ తోటలోని మ్యూజియానికి, మ్యూజియం మేడ మీది చిత్రాల గ్యాలరీకి కలిపి ఒకటే కార్డు. దాని మీద ఆయన పేరు, నా పేరు, పాప పేరు టైపు చేసి ఉన్నాయి. పటాన్‌చెరులో కంపెనీ పక్కన రేకుల ఇంట్లో కాపురం పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. పాపకు ఏడాదిన్నర. అది ఒకసారి దగ్గితే ఆ దగ్గు కంపెనీ పొగ వల్లనా, చలిగాలి వల్లనా, నేను తిన్నదాని వల్లనా అని రోజంతా ఆలోచించేదాన్ని. బి.ఎస్సీ. చదువు భయాలను వరసగా పేర్చుకోవడానికే పనికొస్తోందని ఆయన నవ్వేవాడు.

ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు, ఎంతసేపంటే అంతసేపు ఉండొచ్చు, జెర మనసు మారుతుంది అని చెప్పి కార్డు చేతిలో పెట్టాడు. తనకేమో షిఫ్టులు. తోడు రావలసింది అత్తమ్మే. పాపను చూసుకోవడానికని పోతిరెడ్డిపల్లి నుంచి వచ్చి మా దగ్గర ఉంటోంది. ఆమెది సొంత భూములున్న ఇల్లు. కోతల కాలంలో ఇరవై మంది కూలీలకు పని పురమాయించిన మనిషి.

మొదటి రోజు బస్సు దిగేసరికి ఎండ మండుతోంది. పాప ఏడుపు ఆపడం లేదు. గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక ముసలాయన రిజిస్టర్ రాస్తున్నాడు, మా వెనక జనం తోసుకుంటున్నారు. ఆయన కార్డు చూశాడు, నన్ను చూశాడు. తర్వాత పాపను చంకనేసుకుని నిలబడిన అత్తమ్మను చూశాడు. ముతక నేత చీర, చెప్పుల్లేని కాళ్లు. కార్డు వెనక ఇంగ్లీషులో ఒక నియమం ఉంది, సభ్యుల పిల్లలతో వచ్చే ఆయాకు విడిగా టికెట్ అక్కర్లేదని. ఆయన "ఆయా?" అని అడిగాడు. నేను తల ఊపాను.

అంతే. పక్క కిటికీలో టికెట్లు ఇస్తూనే ఉన్నారు, ఒకటి తీసుకుంటే సరిపోయేది. పాప ఏడుస్తోందని, వెనక వాళ్లు విసుక్కుంటున్నారని, ఈసారికి ఎలాగో లోపలికి పోతే చాలని అనుకున్నాను. ముసలాయన పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. మేమ్‌సాబ్ ఒకరు, బచ్చీ ఒకరు, ఆయా ఒకరు.

లోపల నీడకు చేరగానే అత్తమ్మ నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంత పెద్ద తోటకు కావలి పెట్టిండ్రు, ఆయనకు ఉర్దూ సక్కగ రాదు బిడ్డా. ఆడిది వస్తే ఆయీ అనాలె గని, ఆయా అంటడేంది?"

అత్తమ్మ చిన్నప్పటి నుంచీ సంగారెడ్డి అంగట్లో బేరాలాడి ఉర్దూ నేర్చింది, అదంటే ఆమెకు గర్వం. ఉర్దూలో మగవాడు వస్తే ఆయా అంటారు, ఆడది వస్తే ఆయీ అంటారు. పిల్లలను ఎత్తుకునే పనిమనిషిని కూడా ఆయా అంటారని ఆమెకు తెలియదు. కాన్పులన్నీ ఇంట్లోనే, ఆయాలుండే ఆసుపత్రి గడప తొక్కలేదు. నేను కూడా నవ్వాను. చెప్పడానికి అదే సమయం, కాని చెప్పలేదు.

రెండోసారి పోయినప్పుడు ఆమే ఆయనను సరిదిద్దింది. "ఆయా నహీ, ఆయీ బోలో." ముసలాయన అర్థం కాక నా వైపు చూసి, ఎప్పటిలాగే రాసుకున్నాడు. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

అయినా ఆ నెలలు ఎంత బాగున్నాయో చెప్పకుండా ఉండలేను. టికెట్ కొన్న మనిషి అన్నీ చూసేయాలని పరుగెత్తుతుంది. మాకు ఆ తొందర లేదు. ఒకరోజు పాత నాణేల అద్దాల పెట్టె ఒక్కటి చూసి వచ్చేశాం. ఒకరోజు ఎర్ర తామరలు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయా లేదా అని కొలను గట్టు మీద కూర్చున్నాం. నేనైతే పాప గౌను అంచు ఒక చేత్తో గట్టిగా పట్టుకునే కూర్చున్నాను. ముళ్ల మొక్కలకు అద్దాల ఇల్లు కట్టించారని చూసి అత్తమ్మ బుగ్గ నొక్కుకుంది. మేం కొడవండ్లతో కొట్టి తగలబెడితిమి, ఈళ్లు నీళ్లు పోసి సాకుతున్నరు అంది. ఇంకోచోట తన చేలో జీవితమంతా పీకి పారేసిన గడ్డికి పేరు పలక కనబడింది. నేను ఆ లాటిన్ పేరు చదివితే మూడుసార్లు చెప్పించుకుని, పలకడానికి ప్రయత్నించి, దీనికి ఇంత పేరుందని తెలిస్తే జెర మర్యాదగ పీకుదును గదా అంది.

మేడ మీది గ్యాలరీకి మాత్రం నేనొక్కదాన్నే పోయేదాన్ని. మెట్లకు ఇనుప కటకటాలు, వాటి మధ్య సందులు పాప తల పట్టేంత వెడల్పు. పాపను పైకి తీసుకుపోవద్దన్నది నేనే. అత్తమ్మ కింద వరండాలో దాన్ని ఆడిస్తూ కూర్చునేది. నేను గంటసేపు బొమ్మలు చూసి దిగేదాన్ని. ప్రతిసారీ అదే పద్ధతి.

ఒకరోజు దిగేసరికి వరండాలో ఇంకొకామె ఉంది. తెల్లచీర కట్టుకుని, ఎవరి బిడ్డనో ఒళ్లో పెట్టుకుని అత్తమ్మతో ముచ్చట పెడుతోంది. ఆమె గొంతు మెట్ల దాకా వినబడింది.

"నేను గూడ ఆయానే, మూడేండ్ల సంది. మీ దొరసాని మంచిదేనా? యాళ్లకు తిండి పెడ్తదా?"

అత్తమ్మ నా వైపు చూసింది. గేటు దగ్గర అన్నిసార్లు విన్న మాట ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసిందని నాకు తెలిసింది.

"మంచిదే," అంది. "సదువుకున్నది."

ఇంటికొచ్చి పాపకు పెరుగన్నం పెడుతూ ఒక్కటే అడిగింది, ఆ ముసలాయన ఎన్నిసార్లు అట్ల రాసుకున్నాడని. పోయినప్పుడల్లా అన్నాను.

"నాకు ఉర్దూ వచ్చని మురిసిన. నువ్వు పక్కనే ఉంటివి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ వారం ఆమె పని ఆమె చేసింది, పాపను ఎత్తుకుంది, నాతో అవసరమైనంతే మాట్లాడింది. తెల్లారితే మూట కట్టుకుని పోతిరెడ్డిపల్లి బస్సెక్కుతుందేమోనని రోజూ భయపడ్డాను. పోతానంటే ఏ మొహంతో ఆపాలి? మా ఆయనకు చెబితే క్షమాపణ అడుగు అన్నాడు. అడిగాను. ఆమె పప్పు చెరుగుతూనే విన్నది.

మేం తోటకు పోయే గురువారం మళ్లీ వచ్చేసరికి ఆమె పొద్దున్నే తల దువ్వుకుని, పెట్టెలోంచి పెద్ద అంచు చీర తీసి కట్టుకుంది. "పోదాం పా. కార్డు పట్టుకున్నవా?"

గేటు దగ్గర ముసలాయన కలం తీయకముందే, ఈమె ఆయా కాదు, మా అత్తమ్మ అని చెప్పాను. అంతమంది ముందు చెప్పడం నేను భయపడినంత కష్టం కాలేదు. కిటికీలో టికెట్ తీసుకుని ఆమె చేతికిచ్చాను. ముసలాయన లేచి నిలబడి, "ఆయియే అమ్మా," అని మర్యాదగా లోపలికి పిలిచాడు. అత్తమ్మ టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి కొంగున ముడి వేసుకుంది.

మ్యూజియం వరండా చేరగానే పాపను నా చేతికిచ్చింది. "పట్టుకో. నేను మీదికి పోయొస్త."

నేను కింద కూర్చున్నాను. అప్పటిదాకా అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. బల్ల గట్టిగా ఉంది, గోడ మీద చూడటానికి ఏమీ లేదు, పాప బూట్లు విప్పి పారేస్తే మళ్లీ తొడగడమే పని. పైన అత్తమ్మ ఏం చూస్తోందో, దేని ముందు ఆగిందో ఊహించుకుంటూ ఉన్నాను. గంట దాటింది. ఎక్కడైనా కళ్లు తిరిగి పడిందేమోనని నేను లేచేసరికి ఆమె మెల్లగా మెట్లు దిగుతోంది.

"ఆ తూర్పార పట్టే ఆడామె బొమ్మ చూసినవా?"

"చాలాసార్లు చూసిన అత్తమ్మా."

"గాలి ఎటు కొడుతున్నది?"

ఆ బొమ్మలో సాయంత్రపు రంగు నాకు ఇష్టం. గాలి సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

"కొంగేమో ఇటు ఎగురుతున్నది, పొట్టేమో అటు పోతున్నది. ఏ కల్లంల అయితది గట్ల? గీసినాయన చేట పట్టినోడు కాదు."

నాకు అప్పటికప్పుడు ఆ బొమ్మ చూడాలనిపించింది. ఆమె పాప కోసం చేతులు చాపలేదు, నేను అడగలేదు. పాపను రెండు చేతులతో పొదువుకుని, కటకటాల వైపు చూడకుండా గోడ పక్కగా ఆమె వెనక మెట్లు ఎక్కాను. సగం మెట్ల మీద ఆమె ఆగి వెనక్కి తిరిగింది.

"అవతలి అర్రల ఇంకో బొమ్మ ఉన్నది. కింద మస్తు రాసిండ్రు. అంత సదివి చెప్పు. నడుమ ఏం ఇడువకు."