వెండెల్ జేబులో రసీదు

నల్లవాళ్ళం ఉండే మా రాక్స్‌బరీ పేటలో మంగలి వెండెల్ క్షవరంతో పాటు తీర్పులు కూడా చెబుతాడు. ఆ వారం తీర్పు, తన ఇంట్లో తననే దొంగనుకుని వచ్చిన పోలీసు మీద సొంత వరండాలోనే కేకలేసి అరెస్టయిన నల్లజాతి ప్రొఫెసరు గురించి.

"రంగూ లేదు, గింగూ లేదు. ఇద్దరికీ పొగరు! నాలాగా మెత్తగా 'సార్' అంటే సరిపోయేదిగా?" అన్నాడు కత్తెర ఆడిస్తూ.

నా నెత్తి అతని చేతిలో ఉంది కాబట్టి నేను 'అవునవును' అన్నాను. పక్కన వంతు కోసం కూర్చున్న అతని బావమరిది క్లీవన్ మాత్రం ఊరుకోలేదు.

"నిజమే బావా, నీ అంత మెత్తనోడు లేడు. మరి నీ ఇంటిముందు గడ్డి కోసేటప్పుడు జేబులో ఇంటిపన్ను రసీదెందుకు?"

కత్తెర ఆగింది.

"మొన్న చెమటకి తడిసిపోయిందిరా," అన్నాడు వెండెల్. "ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెడుతున్నా."