నర్సక్క నాచేత చదివించిన కాగితం

నిన్న వేలు కాలి తెల్లమందు రాసుకుంటే, ఆ వాసనకు విరుదునగర్ ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సు రామలక్ష్మక్క గుర్తొచ్చింది.

కోవిల్‌పట్టిలో మా వాకిట కార్తీక దీపాలు పెట్టిన రోజు నా కూతురు వేణి పావడాకు నిప్పంటుకుంది. దానికప్పుడు ఏడేళ్ళు. తొడ కాలింది, స్వామి దయవల్ల ప్రాణం దక్కింది. కట్టు మార్చేటప్పుడు పిల్ల మూలిగేది కూడా కాదు. "బంగారు తల్లి, ఒక్క చుక్క రానీదు" అని నేను మురిసిపోయాను. అక్క నవ్వలేదు.

"ఏడవని బిడ్డను చూస్తే నాకు బయంగా ఉండాది. ఇంటికాడ ఏం చేస్తాదో దినమూ రాసుకొని రా."

మా అరవనాట బడికి నేను వెళ్ళలేదు. అమ్మ ఇంట్లో నేర్పిన తెలుగులోనే వారం రోజులు రాశాను. అక్కదీ తెలుగిల్లే, అయినా తెలుగు అక్షరాలు రావు. "నువ్వే సదువు" అంది.

చదివాను. వేణి గోడవైపు తిరిగి కూర్చుంది. పక్క తడిపింది. సాయంత్రం పిలిస్తే దేవుడి గదికి రాలేదు, చెయ్యి పట్టి లాక్కొచ్చి హారతి కళ్ళకద్దించాను. మర్నాడూ అదే. మూడో రోజుది చదివి కాగితం దించాను. బతికించిన స్వామికి దండం పెట్టించాలని, రోజూ ఆ నిప్పును దాని ముఖం ముందు పెట్టింది నేనే. రాసినప్పుడు తెలియనిది, నా నోట నేనే వింటే తెలిసింది.

"ఆపితే స్వామికి కోపం రాదా అక్కా?"

"వస్తే నామీద రానీ. నువ్వు ఆపు. మనసు డాక్టరమ్మ దగ్గరికి తోడుకొని పో."

"నా బిడ్డకేమన్నా పిచ్చా, పైత్యమా?"

"పైత్యం నీకే. బిడ్డకు బయం."

నాలుగోసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు వేణి మొదటిసారి ఏడ్చింది. నన్ను పిడికిళ్ళతో కొడుతూ, "నన్నెందుకు ఆ హారతి కాడికి ఈడిస్తివి?" అని అరిచింది. నేను కదలలేదు. ఆ ఏడుపు వినిపించినందుకు ఈనాటికీ స్వామికి మొక్కుకుంటాను. వేణికిప్పుడు పద్దెనిమిదేళ్ళు. పొయ్యి వెలిగించదు. ఆ మాట చెప్పుకుందామన్నా అక్క లేదు, పోయింది.

పోయిన నెల సాత్తూరులో తమ్ముడి కూతురు చెయ్యి కాలి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే అందరూ బుద్ధిమంతురాలన్నారు. మరదలిని పక్కకు పిలిచి, బిడ్డ రాత్రిళ్ళు నిద్రపోతోందా అని అడిగాను.

"మా బిడ్డకేమీ లేదు వదినా" అని ముఖం తిప్పుకుంది.

తనను తప్పుపట్టలేను. మంగళవారం మళ్ళీ సాత్తూరు బస్సెక్కుతాను.