మైపాడులో పడిపోవుటకు అనుసరించవలసిన విధానము

ఒక మనిషి మరొక మనిషిని కింద పడవేయుటకు ఒక పద్ధతి కలదు. అందులో మొదటి నిబంధన, ఇద్దరూ నిలబడి ఉండవలెను. నెల్లూరులోని మా శిక్షణశాలలో ఈ నిబంధన చాలాకాలంగా అమలులో లేదు. మేము మొదటి అంతస్తులో ఉన్నాము. మా కింద కళ్లజోళ్ల దుకాణం ఉన్నది. పైన మనిషి పడినప్పుడల్లా కింద అద్దాలు పడుతున్నాయని దుకాణదారు సాక్ష్యాధారాలతో సహా మెట్లెక్కి వచ్చిన నాటినుండి, పోటీదారులు ముందుగా కూర్చుని, మర్యాదగా చేతులు కలిపి, ఆ తరువాతే ఒకరి గొంతు ఒకరు పట్టుకోవలెనని తీర్మానించడమైనది. మేము నేర్చుకునేది బ్రెజిలియన్ జియు జిట్సు. వెల్లకిలా పడుకుని, ప్రత్యర్థిని కాళ్ల మధ్య బంధించి, చెయ్యి మెలిపెట్టో గొంతు బిగించో అతను చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేదాకా వదలని విద్య. కాబట్టి ఈ తీర్మానం మాకు అడ్డు రాలేదు. నడుం నొప్పి తగ్గుతుందని నలభై తొమ్మిదో ఏట చేరిన నాకైతే, కూర్చుని మొదలుపెట్టడం పౌరుడి ప్రాథమిక హక్కులాగే తోచింది.

అడ్డు వచ్చింది హారికకు. హారిక మా ఆవిడ అక్కగారి అమ్మాయి. మా శిక్షణశాలలో అందరికన్నా సమర్థురాలు. రోజూ సాయంత్రం ఎంతో గౌరవంగా నా గొంతు బిగిస్తుంది. గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఆమె మొదటి పోటీ వచ్చే వారం చెన్నైలో ఉంది. మొన్న సన్నాహక పోటీలో గంట మోగగానే హారిక అలవాటు ప్రకారం కూర్చుని చెయ్యి చాపింది. ఎదుటి అమ్మాయి మా తీర్మానం చదవలేదు. నిలబడే తన్నింది. ఆ రాత్రి మా కోచ్ తేల్చి చెప్పాడు: పడడం ఇష్టం లేని మనిషిని పడవేసి, పట్టు వదలకుండా పని ముగించిన వీడియో ఆదివారం సాయంత్రంలోగా చూపాలి. లేకపోతే హారిక బదులు వేరొకరి పేరు వెళుతుంది. నేర్పగల మనిషిని కూడా ఆయనే సూచించాడు. మైపాడులో చేపలు పట్టే ఏడుకొండలు, కబడ్డీలోనూ కుస్తీలోనూ చెయ్యి తిరిగినవాడు. హారికకు తోడుగా, అధికారిక పరిశీలకుడి హోదాలో నేనూ బయలుదేరాను. ఆ హోదా నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు నెల్లూరులో మైపాడు గేటు దగ్గర షేర్ ఆటో దొరికింది. ఇందుకూరుపేట మీదుగా ముప్పావుగంట ప్రయాణం. మనిషికి యాభై రూపాయలిచ్చాము. బస్సుకు ఇంకా తక్కువే అవుతుంది గాని, అది తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. రోడ్డుకు అటూ ఇటూ వరిమళ్లు, ఆ తరువాత రొయ్యల చెరువులు, చెరువుల్లో గిరగిర తిరిగే చక్రాలు. డ్రైవరు కుతూహలపరుడు.

"ఇంత పొద్దున్నే బీచికి ఏం పని సార్?"

"అమ్మాయి మనిషిని కింద పడెయ్యడం నేర్చుకోవాలి."

"ఎవుర్ని సార్?"

"ఇంకా నిర్ణయం కాలేదు."

డ్రైవరు అద్దం సరిచేసుకుని, హారికను ఒకసారి చూసుకుని, ఆటో వేగం పెంచాడు.

మేము చేరేసరికి పడవలు ఒడ్డుకు వచ్చి ఉన్నాయి. వలల్లోంచి చేపలు విడదీస్తున్నారు. ఏడుకొండలు వల పక్కన పెట్టి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పిక్కలు చూస్తే ఇతన్ని పడవెయ్యాలంటే ముందు అనుమతులు తీసుకోవాలేమో అనిపించింది. అతని భార్య రమణమ్మ కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపలు శుభ్రం చేస్తున్నది. తీర్పరి బాధ్యత ఎవరూ అప్పగించకుండానే స్వీకరించింది.

"ఈ పాపేనా కొట్లాటకు పొయ్యేది?" అన్నది.

"కొట్లాట కాదు మే, పట్టు. పట్టు దొరికినాక కొట్టే పనేముండాది?" అన్నాడు ఏడుకొండలు. మడమతో తడి ఇసుకలో అడ్డంగా గీత గీశాడు. గీత లేకుండా అతనికి మైదానమే కనిపించదట. "రా పాపా."

హారిక వెళ్లింది. నమస్కారం చేసింది. కూర్చుంది.

ఏడుకొండలు కంగారుపడ్డాడు. "ఏందమ్మా, కాలు బెణికిందా?"

"లేదన్నా. మీరు రండి."

"యాడికి వచ్చేది? నువ్వే పడిపోయినావు గదా!" అని అతను రమణమ్మ వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"పాయింటు మా ఆయనదే. టీ పెట్టేదా?" అన్నది రమణమ్మ.

ఆట ముగియలేదని వివరించడానికి కొంత సమయం పట్టింది. చివరికి అతను నమ్మకం లేకుండానే వంగి దగ్గరకు వెళ్లాడు. హారిక కాళ్లు అతని నడుం చుట్టూ బిగిశాయి. మరుక్షణంలో అతని చెయ్యి, మెడ ఒకే ముడిలో పడ్డాయి. ముందే చెప్పి ఉంచిన ప్రకారం అతను ఆమె భుజం మీద తట్టాడు. లేచి మెడ రుద్దుకుంటూ ఒక ప్రశ్న వేశాడు. మా శిక్షణశాలలో ఎవరూ ఎన్నడూ వెయ్యని ప్రశ్న అది.

"విద్య బాగుండాది. అయితే చెన్నైలో ఆ పిల్ల నీ కాడికి వంగకపోతే ఎట్టా?"

అక్కడినుండి అసలు పాఠం మొదలైంది. తడి ఇసుకలో దూరం నుండి పరుగెత్తి మీద పడితే లాభం లేదు, అడుగు దిగబడుతుంది. మెడ వెనక చెయ్యి వేసి దగ్గరకు లాగాలి. లాగితే ఎదుటివాడు అడుగు ముందుకు వేస్తాడు. ఆ అడుగు నేలకు ఆనీ ఆనకముందే చీలమండ అందుకోవాలి. ఇది కబడ్డీ. అదే ఊపులో భుజంతో మోకాలి మీద తొయ్యాలి. ఇది కుస్తీ. ప్రదర్శన కోసం ఒక దేహం అవసరమైంది. పరిశీలకుడిని వాడుకున్నారు. నేను పడినప్పుడల్లా వలల దగ్గరినుండి హర్షధ్వానాలు వినిపించాయి. పరిశీలకుడు తటస్థుడు కాబట్టి వాటిని పట్టించుకోలేదు.

హారిక నన్ను పడవెయ్యగలిగింది. నేను పడడానికి వెనుకాడని మనిషిని గనుక అది చెల్లదు. ఏడుకొండలు మాత్రం కదలలేదు. చీలమండ పట్టుకుంటే అతను కాలు వెనక్కు లాక్కుంటాడు. ఆ లాగుడుకు ఆమె తుంటి దానంతట అదే ఇసుకకు ఆనుతుంది. మళ్లీ కూర్చుండిపోతుంది. ఎండ ఎక్కింది. ఇసుక కాలడం మొదలైంది. పదకొండు దాటాక హారిక పడవ నీడకు వెళ్లి మోకాళ్లలో తల పెట్టుకుంది.

"కోచ్‌కు ఫోన్ చెయ్యి బాబాయ్. వేరేవాళ్ల పేరు పంపించమను. ఈ కూర్చునే జబ్బు నాకు పోదు."

ఆ జబ్బును తీర్మానం చేసినప్పుడు చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఒకణ్ణి. సమాధానం కత్తిపీట దగ్గరినుండి వచ్చింది.

"కూర్చోబుద్ధయితే కూర్చో పాపా, ఎవురొద్దన్నారు? ఆయన్ని గూడా తీసకపొయ్యి కూర్చో."

"నువ్వు చేపలు చూడు మే!" అన్నాడు ఏడుకొండలు.

హారిక తల ఎత్తింది. ఇసుక దులుపుకుని లేచింది. నేను వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఈసారి ఆమె మెడ లాగింది. అతను అడుగు వేశాడు. ఆమె చీలమండ అందుకుంది. అతను కాలు లాక్కున్నాడు. తుంటి జారుతుంటే ఆమె ఆపుకోలేదు. ఆ కాలిని గుండెలకు హత్తుకుని, సరిగ్గా అతని పాదం పక్కనే కూర్చుంటూ, భుజాన్ని మోకాలి మీద ఆనించింది. కూర్చోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఏడుకొండలు ఒక క్షణం గాలిలో ఆలోచించి, వెనక్కు పడ్డాడు.

పడ్డ కబడ్డీ ఆటగాడు ఏం చేస్తాడు? గీత కోసం చెయ్యి చాపుతాడు. ఏడుకొండలు కూడా బోర్లా తిరిగి, మడమతో తను గీసిన గీత వైపు చెయ్యి బారుగా చాపి అందుకున్నాడు.

"తాకినా! లైను తాకినా!"

చాపిన చెయ్యి మా విద్యలో ఆహ్వానపత్రిక లాంటిది. హారిక ఆ కాలి మీదుగా పాకి, చేతిని రెండు కాళ్ల మధ్య ఇరికించి, మోచెయ్యి నిఠారుగా సాగేదాకా వెనక్కు వాలింది.

"తాకినావులే, నేను చూసినా," అన్నది రమణమ్మ. "చెయ్యి మాత్రం పాప కాడ ఉండాది."

ఏడుకొండలు తట్టాడు. వలల దగ్గర ఈలలు మోగాయి. హారిక లేచి మొదట నవ్వింది, తరువాత ఏడ్చింది, ఆ తరువాత ఇసుక చేతులతోనే నన్ను కావలించుకుని అలవాటుకొద్దీ మెడ పట్టింది.

మధ్యాహ్నం వాళ్లింట్లో కానాగంతల పులుసు, మామిడికాయ ముక్కలతో. హారిక అన్నం తింటూనే ఏడుకొండలుకు ఆ పట్టు విడిపించుకునే ఉపాయం నేర్పింది. అతను చాప మీద వెల్లకిలా పడుకుని శ్రద్ధగా సాధన చేశాడు. "పడుకోని గూడా గెలవచ్చని నేర్పించినావా తల్లీ! ఇంక ఈయన లేసేదెప్పుడు?" అన్నది రమణమ్మ.

తిరుగు ఆటోలో ఆలోచించాను. కబడ్డీ గీత దగ్గర ఆగుతుంది. కుస్తీ వీపు నేలకు ఆనగానే ఆగుతుంది. మా విద్య వీపు నేలకు ఆనాక గాని మొదలవ్వదు. ఇన్నాళ్లూ మేము సగం పుస్తకాన్ని చివరినుండి చదువుతూ అంతా వచ్చేసిందనుకున్నాము. మిగతా సగం పాతిక కిలోమీటర్ల దూరంలో చేపలు పడుతూ ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, హారిక తన జబ్బును వదిలించుకోకపోవడం. దానికొక చీలమండ తోడిచ్చింది, అంతే. మేము పంపిన వీడియోకు ఇందుకూరుపేట దగ్గర కోచ్ జవాబు వచ్చింది: "పేరు ఉంచుతున్నా. ఇది మాత్రం మన హాల్లో చెయ్యొద్దు. కింద కళ్లజోళ్లున్నాయి."

వెళ్లదలచినవారికి ఒక్క సూచన: ఎండ రాకముందే తడి ఇసుక మీద సాధన ముగించుకోండి, తిరుగు ప్రయాణానికి ఒక జత పొడిబట్టలు తప్పనిసరిగా ఉంచుకోండి. తడిబట్టలతో ఆటో ఎక్కనివ్వరు.

ఇక దుకాణదారు ప్రయోజనాలను, చెన్నై అవసరాలను సమానంగా దృష్టిలో ఉంచుకుని మా శిక్షణశాల ఈ కింది నిబంధనను ఆమోదించినది: సభ్యులు పడుటయు, పడవేయుటయు మైపాడులోనే జరుగవలెను. పడినవారు పడిన స్థితిలోనే, పడవేసినవారు పట్టు సడలించకుండానే, షేర్ ఆటోలో నెల్లూరు చేరుకుని, మెట్లు నెమ్మదిగా ఎక్కి, మిగతా కుస్తీని కూర్చుని పూర్తి చేయవలెను. ఇద్దరికీ ఒకటే సీటు, ఒకటే ఛార్జీ. ఇది అంతిమము. దీనిపై అప్పీలు లేదు.