లైన్ క్లియర్

శాలేమురాజుకు లైన్ అంటే ఒక్కటే. తెనాలిలో బయల్దేరి రేపల్లెలో ఆగిపోయే రైలు లైను. ఆ పట్టాలు మార్చే పనిలోనే ఆయన తల నెరిసింది. పెళ్లిచూపుల్లో బాపట్ల వాళ్ల పిల్ల దేవకుమారి ఏం పని చేస్తారని అడిగితే, "లైన్ మీద ఉంటానండి" అన్నాడు. ఆవిడ కరెంటు మనిషి అనుకుంది. కాపురానికొచ్చాక ఒకనాడు ఫ్యూజు పోయింది. బల్ల ఎక్కిన మొగుడి చేతులు గడగడా వణకడం చూస్తే గానీ ఆవిడకు సంగతి తెలియలేదు.

ఊళ్లో వాళ్లకు లైన్ అంటే ఎన్నో. రేషను కోసం నిలబడితే లైన్. ఫోన్లో కాసేపు ఆగమంటే లైన్. కాలేజీ కుర్రాడు పనీపాటా లేకుండా ఒకే వీధిలో పదిసార్లు తిరిగితే అదీ లైనే. గుడిలో పాట ఎత్తే పెద్దాయన "ఆఖరి లైన్ మళ్లీ" అంటాడు. శాలేమురాజు ఇవేవీ చెవిన పెట్టడు.

ఆయన రిటైరయ్యాక కూతురు దీవెనకు కరెంటు శాఖలో ఉద్యోగం వచ్చింది. స్తంభాలెక్కే ఉద్యోగం. వీధంతా మెచ్చుకుంది, తండ్రికి మాత్రం అన్నం సహించలేదు. "మానెయ్ తల్లీ, కుర్చీలో కూచునే పనేదైనా చూసుకుందాం" అని రోజూ బతిమాలాడు. దీవెనకు ఆ పనంటే ప్రాణం. తండ్రి అన్నా ప్రాణమే. చివరికి మాటిచ్చింది. "ఎక్కేముందు నీకు ఫోన్ చేసి చెప్తా నాన్నా. అప్పటికీ నీ భయం తగ్గకపోతే మానేస్తా."

వానకు పెనుమూడి రోడ్డులో తీగ తెగింది. అన్నమాట ప్రకారం ఫోన్ చేసింది. "నాన్నా, లైన్ క్లియర్ తీసుకున్నా. ఎక్కుతున్నా."

"వద్దు! దిగు! ముందు దిగిపో!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు శాలేమురాజు. ఆయన చేతిలో ఫోన్ జారి నేల మీద పడి మూగబోయింది. తండ్రికేమైందోనని దీవెన, తోటి ఉద్యోగి అజయ్ బాబును తీగ దగ్గర కాపలా ఉంచి, స్కూటీ మీద పరుగున వచ్చింది.

"ఏంటి నాన్నా? గుండెల్లో నొప్పా?"

"లైన్ క్లియర్ ఇచ్చాక లైన్ మీద ఎవరైనా కాలు పెడతారా? నీకెవరు నేర్పారే?"

దేవకుమారికి ముందుగా అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా లైన్ క్లియర్ అంటే కరెంటు తీసేశారని. ఇంక ఏమీ రాదని" అంది దీవెన.

"మాకు బండి వస్తుందని" అన్నాడాయన. "నాతో పనిచేసే చిన్నయ్య ఆ మాట వినిపించుకోలేదమ్మా. పట్టాల మీదే ఉండిపోయాడు. నేను చూస్తుండగానే."

ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ ఆ భయాన్ని ఆయన ఒక్కడే మోశాడు. దేవకుమారి నవ్వు ఆగిపోయింది.

"మానేస్తాలే నాన్నా" అంది దీవెన మెల్లగా.

"మీ కరెంటు తీసినవాడు మర్చిపోయి మళ్లీ వేస్తే?"

"వెయ్యకూడదు. నేను దిగి చెప్పాలి."

"ఇంకెవరైనా చెప్తే?"

"ఎవరు చెప్పినా వెయ్యరు. తీసుకున్నది నేను, తిరిగి ఇవ్వాల్సిందీ నేనే."

శాలేమురాజు లోపలికి వెళ్లి, మంచం కింద పెట్టెలోంచి రైల్వే నాటి జెండాలు రెండూ తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. "పద" అన్నాడు.

స్తంభం దగ్గర దీవెన సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు లేదని మళ్లీ నిర్ధారించుకుంది. బెల్టు బిగించి ఎక్కింది. కింద శాలేమురాజు ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. దారిన పోయే ట్రాక్టర్ల వాళ్లు ఎందుకైనా మంచిదని ఆగారు. ఆయన కళ్లు కూతురి కాళ్ల మీదే ఉన్నాయి. భయం పోలేదు, కానీ చేతులు వణకలేదు.

పని ముగించి ఆమె దిగింది. "లైన్ క్లియర్ తిరిగి ఇస్తున్నాను సార్" అని ఫోన్లో చెప్పింది. రోడ్డు పక్క టీకొట్లో ఫ్యాను తిరిగింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. మానెయ్యనా?"

శాలేమురాజు ఎర్రజెండా చుట్టేశాడు. పచ్చజెండా ఎత్తాడు.