పళ్ళెం మోగితే కొండెక్కాలి

మా బస్తీలో ఒక నియమం ఉంది. పెట్టింది మా పెద్దమ్మ. భూమి కదిలినా, నీళ్ళు తేడాగా కనిపించినా, ముందు చూసినవాళ్ళు స్టీలు పళ్ళెం తీసుకుని గరిటెతో వాయించాలి. పళ్ళెం మోగిందంటే ఇక ఆలోచన లేదు. పొయ్యి మీద కూర ఉన్నా, ఒంటి మీద సబ్బు నురగ ఉన్నా, వెనక ఉన్న కొండెక్కేయాలి. ఎందుకు, ఏమిటి అన్న ప్రశ్నలన్నీ పైకి చేరాకే. ప్రతి ఇంట్లో తలుపు వెనక మేకుకి ఒక సంచి వేలాడుతుంది. కాగితాలు, మందులు, ఒక జత బట్టలు, బిస్కెట్ పొట్లం. పెద్దమ్మ అప్పుడప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఆ సంచుల్లో చెయ్యి పెట్టి చూసేది. బిస్కెట్లు మెత్తబడి ఉంటే ఆ ఇంటావిడకి ఆ పూట చీవాట్లే.

నాకు పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. పైపులు, కుళాయిలు, మేకులు, రంగు డబ్బాలు. వాషర్ ముక్క కోసం వచ్చి గంటసేపు బేరమాడే జనంతో వేగి వేగి నాకు కోపం ఎక్కువైందని మావాళ్ళంటారు. శుద్ధ అబద్ధం. కోపం పుట్టుకతోనే వచ్చింది, దుకాణం తర్వాత వచ్చింది. అది కాక నాకు ఇంకో పని కూడా ఉంది. నేను రిజర్వు ఫౌజీని. ఏడాదిలో కొన్నాళ్ళు శిక్షణ, పిలుపొస్తే యూనిఫాం, పనైపోతే మళ్ళీ ఎవరి గల్లాపెట్టె దగ్గరికి వాళ్ళం. నా పక్కన నిలబడి తాడు లాగే భయ్యా మామూలు రోజుల్లో డెలానీపూర్‌లో ఆటో నడుపుతాడు. మా అందరి మీదా ఒక సుబేదార్ సాబ్ ఉంటాడు. ఆయన మాత్రం అచ్చమైన సైనికుడు, నవ్వడం కూడా లెక్కప్రకారమే.

నేను యూనిఫాం వేసుకున్నప్పుడల్లా పెద్దమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది. వెళ్తున్నానని చెప్పినా ముఖం చూపించేది కాదు. "మీ యమ్మ బుద్ధే నీకూ వచ్చింది. కిందకి పోయే బుద్ధి" అని గోడతో చెప్పేది. నాకు ఒళ్ళు మండేది. దేశసేవ చేస్తున్న మనిషిని ఎదురొచ్చి సాగనంపకపోతే పోనీ, తిట్టడం ఏమిటని సణుక్కుంటూ వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ మాట వెనక సంగతి చెప్పాలి. మా బస్తీలో చాలామందిమి ఒకప్పుడు దక్షిణాన ఉన్న దీవిలో ఉండేవాళ్ళం. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మా, పెద్దమ్మా, మంచం దిగలేని అమ్మమ్మా, నేనూ ఒకే ఇంట్లో. సునామీ వచ్చిన ఉదయం పెద్దమ్మ ఒక చేత్తో నా మణికట్టు, ఇంకో చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని గట్టు మీదికి పరిగెత్తింది. సగం ఎక్కాక అమ్మ ఆగిపోయింది. అమ్మమ్మని తెచ్చేస్తాను, మీరు నడవండి అని కిందికి దిగింది. నేను అమ్మ వెనకాల పోవాలని గింజుకున్నాను. పెద్దమ్మ మణికట్టు వదలకపోతే ఆవిడ చెయ్యి కొరికేశాను, రక్తం వచ్చేలా. అయినా వదల్లేదు. అమ్మా రాలేదు, అమ్మమ్మా రాలేదు. ఆ పళ్ళగాటు పెద్దమ్మ చేతి మీద ఇప్పటికీ ఉంది. గిన్నెలు తోముతున్నప్పుడు తడికి తెల్లగా కనిపిస్తుంది.

ఆ తర్వాత పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఈ లోతట్టు జాగాలో, ఈ కొండ కింద ఇళ్ళు వేసుకున్నాం. పళ్ళెం నియమం అప్పుడు పుట్టింది.

ఈమధ్య ఒక వానాకాలంలో ముసురు పట్టింది చూడండి, మా దీవులకి వాన కొత్తేం కాదు గానీ అది వానలా లేదు. ఆకాశం మా మీద పగబట్టినట్టే ఉంది. వాగు పొంగింది. సరిగ్గా అప్పుడే సముద్రానికి పోటు రావడంతో వాగునీళ్ళకి పోవడానికి దారి లేక బస్తీల్లోకి మళ్ళాయి. పొద్దున్నే మాకు పిలుపొచ్చింది. దుకాణం షట్టరు దించి, యూనిఫాం వేసుకుని పరిగెత్తాను. ముందు డిగ్నాబాద్ వైపు పడిపోయిన చెట్టు తీశాం. అక్కడినుంచి మా ట్రక్కు తిన్నగా మా బస్తీకే వచ్చింది.

నడుములోతు నీళ్ళు. ఇళ్ళ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మా ఇంట్లోకి తొంగిచూస్తే బియ్యం డబ్బా తేలుతోంది, మేకుకి సంచి లేదు. పక్కింట్లోనూ లేదు. ఒక్క ప్రాణి మిగల్లేదు, అందరూ పైకి వెళ్ళిపోయారు. నా ఛాతీ ఉప్పొంగింది. చూశారా సాబ్, మావాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు అని సుబేదార్ సాబ్‌తో గొప్పలు పోయాను కూడా.

ఆయన నా మాట వినడం లేదు. కొండనే చూస్తున్నాడు. వేలెత్తి చూపించాడు.

కొండ జారకుండా కట్టిన రాళ్ళ గోడ నిండు గర్భిణిలా ముందుకి ఉబ్బి ఉంది. రాళ్ళ సందుల్లోంచి ఎర్రటి బురద కారుతోంది. దాని పైన మట్టిలో నిన్న లేని నెర్ర అడ్డంగా విచ్చుకుంది, పోకచెట్లు ఒక పక్కకి వాలాయి. సరిగ్గా ఆ నెర్రకి పైన, నీళ్ళ ట్యాంకు పక్కనున్న రేకుల షెడ్డులో మా బస్తీ మొత్తం కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి చేతులూపుతున్నారు. ఇన్నేళ్ళూ మమ్మల్ని కాపాడుతుందనుకున్న నియమం మా అందర్నీ తీసుకెళ్ళి ఆ గోడ మీద కూర్చోబెట్టింది.

అందర్నీ దించి, రోడ్డు అవతల ఉన్న రెండంతస్తుల స్కూలుకి చేర్చాలని సాబ్ ఆర్డర్. రోడ్డు మీద నీళ్ళు వడిగా ఉన్నాయి గానీ తాడు కట్టి దాటించొచ్చు. ఆటో భయ్యా ముందు పైకెక్కాడు. హిందీలో బతిమాలాడు, బెదిరించాడు, దండం పెట్టాడు. వాళ్ళందరూ పెద్దమ్మ ముఖం చూశారట. ఆవిడ తల అడ్డంగా ఊపిందట. భయ్యా దిగొచ్చి, మీ మౌసీ ముందు నా వల్ల కాదు, నువ్వే పో అన్నాడు.

నేనెక్కాను. ఎక్కుతుంటే బూటు కింద నేల మెత్తగా కదులుతోంది. పెద్దమ్మ షెడ్డు మొదట్లో కూర్చుని ఉంది, ఒళ్ళో సొట్టలు పడ్డ పళ్ళెం, పక్కన సంచి. అలవాటు ప్రకారం నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నాలో భయం ఎంత ఉందో అంతా కోపమై బయటికొచ్చింది. ఇంతమందిని చంపడానికి కూర్చున్నావా, లే, అని అరిచాను. ఇరవై ఇళ్ళ జనం ముందు పెద్దమ్మ మీద అలా అరవడం అదే మొదలు.

"కింద నీళ్ళెట్టుకుని కిందకి రమ్మంతావేట్రా? కొండ మునిగిపోతాదా?" అంది.

"మునగదు పెద్దమ్మా. జారుతుంది."

గోడ సంగతి చెప్పాను, నెర్ర సంగతి చెప్పాను. వెనక ఎవరో, అచ్ఛా, వాన తగ్గాక చూద్దాంలే భయ్యా అన్నారు. తగ్గాక చూడ్డానికి మీరుండరు అన్నాను. ఎవరూ లేవలేదు. పెద్దమ్మ పళ్ళేన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అప్పుడు చూశాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు దాన్ని గుండెకి అదుముకుంటోంది. ఆవిడది మొండితనం అనుకున్నాను గానీ అది భయం. నీళ్ళని చూసి కాదు.

"ఒకసారి నా చెల్లి చెయ్యి ఒగ్గీసినాను. కిందకి పోనిచ్చీసినాను. మల్లీ ఎవుల్నీ పోనివ్వను" అంది, నా వైపు చూడకుండానే.

నేను బురదలో ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఇది మోస్తోందా? మేమిద్దరం ఒక కంచంలో తిన్నాం, ఒక దోమతెరలో పడుకున్నాం, ఒక్కసారైనా నాతో అనలేదు. కోపం ఎటుపోయిందో పోయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నువ్వు వదల్లేదు పెద్దమ్మా. అమ్మే విదిలించుకుంది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. నువ్వు మళ్ళీ పట్టుకోబోయావు, అందలేదు."

ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. యూనిఫాంలో ఉన్న నన్ను ఆవిడ నేరుగా చూడటం అదే మొదటిసారి. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను, పళ్ళగాటు నా బొటనవేలి కింద తగిలింది.

"ఆ రోజు నువ్వు పైకి లాగుతుంటే నేను కొరికాను. అయినా వదల్లేదు కదా. ఇవాళ నువ్వు కొరుక్కో. నేనూ వదలను."

కింద గోడలోంచి రాయి ఒకటి ఊడి నీళ్ళలో పడింది. అందరూ ఆ చప్పుడు విన్నారు. అయినా పెద్దమ్మ వైపే చూశారు. ఆవిడ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పళ్ళెం చంకలో ఇరికించుకుని, గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. వాయిస్తూ కిందికి నడిచింది. ఒక్కరంటే ఒక్కరు ఎందుకని అడగలేదు. మా బస్తీలో పళ్ళెం మోగితే అడగకూడదు. సంచులు భుజాన వేసుకుని, ముసలివాళ్ళని ఎత్తుకుని, మెట్ల వెంట ఆవిడ వెనకే దిగారు. మా రిజర్వు వాళ్ళు దారి పొడుగునా నిలబడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించుకున్నారు. ఆటో భయ్యా ఒక బాలింతనీ బిడ్డనీ కలిపి ఎత్తుకొచ్చేశాడు.

నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ ఆగిపోయింది. పళ్ళెం చప్పుడు ఆగింది. ఎత్తుకుంటానన్నాను. వద్దంది. కళ్ళు గట్టిగా మూసుకుని నీళ్ళలో కాలు పెట్టింది. ఆ రోడ్డు దాటుతున్నంతసేపూ ఆవిడ చుట్టూ తిరిగే నీళ్ళు నన్నూ లాగాయి, నేను తాడు ఒక చేత్తో, ఆవిడ మణికట్టు ఒక చేత్తో పట్టుకుని నడిచాను. మధ్యలో ఆవిడ పెదాలు కదిలాయి. చెల్లిని పిలుస్తోందని అర్థమైంది. నేను పలికాను. ఎవరో ఒకరు పలకాలి కదా.

ఆఖరివాళ్ళు స్కూలు మెట్లెక్కాక కాసేపటికి కొండ కూలింది. చప్పుడు పెద్దగా రాలేదు, లారీ కంకర దింపినంతే. చూస్తుండగా షెడ్డు లేదు, ట్యాంకు లేదు, మేమెక్కిన మెట్లు లేవు. సుబేదార్ సాబ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత పక్క గల్లీలో ఇంకా జనం ఉన్నారని, తాడు చుట్టండని చెప్పాడు.

నేను తాడు భుజాన వేసుకుని గేటు దగ్గరికి వచ్చాను. పెద్దమ్మ తడి చీరతోనే నా వెనక వచ్చింది. గోడలు బోలెడున్నాయి అక్కడ, ఏ గోడవైపూ తిరగలేదు. నా ముఖంలోకి చూసి, చొక్కా కాలరు సర్దింది.

"మీ యమ్మ బుద్ధే నీది. ఎల్లు" అంది.

సాయంత్రం పొద్దుగూకే వేళకి తిరిగొచ్చాను. కాళ్ళు మొద్దుబారిపోయాయి, ఒళ్ళంతా బురద. స్కూల్లో ఖిచిడీ వండి విస్తరాకుల్లో వడ్డించేశారు, ఆకులు అయిపోయాయి, ఖిచిడీ కూడా అడుగంటింది. పెద్దమ్మ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది. చెంగు కింద ఏదో దాచుకుంది. నేను మెట్టు మీద కూలబడగానే అది తీసి నా ముందు పెట్టింది. చల్లారిన ఖిచిడీ. ఇన్నేళ్ళుగా వాయించడానికే తప్ప ఎవరూ అన్నం తినని ఆ సొట్టల పళ్ళెంలో.

"మీ యమ్మకి కూడా ఆ రోజు అన్నం తీసి ఉంచినాన్రా" అంది. "నువ్వు తిను."

నేను తిన్నాను. ఆవిడ నా ఎదురుగా కూర్చుని చివరి మెతుకు దాకా చూసింది.