నాలుకతో తీసిన నలుసు

తొంభైల్లో, పెళ్లయిన కొత్తలో, నాతవరం దగ్గర మా అత్తవారి చెరుకు తోటలో నా కుడికంటికి ఆకు అంచు గీసుకుంది. కొంచెం మంట, ధారగా నీళ్లు. సాయంత్రానికి కన్ను తెరవలేకపోయాను.

నలుసు పడిందని అత్తగారు ఊళ్లో ఒక ముసలామె దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నలుసులు నాలుకతో తీస్తుందట. మేం వెళ్లేసరికి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. చుట్ట తీసి, గోడవారగా ఉమ్మి, చెంగుతో మూతి తుడుచుకుంది.

"కదలకమ్మా, బేగి వచ్చెస్తాది" అంటూ నా రెప్పలు విడదీసింది.

గరుకు నాలుక కనుగుడ్డు మీద అటూ ఇటూ తిరిగింది. పొగాకు కంపు, పుచ్చిపోయిన పళ్ల కంపు, జిగురు ఉమ్మి. ఆవిడ వాకిట్లోనే వాంతి చేసుకున్నాను. ఆవిడేమో నాలుక చాపి, దాని మీద నల్లటి రేణువు చూపించింది. అది చుట్ట బూడిదేనని నాకిప్పటికీ అనుమానం. దారంతా అత్తగారు పరువు తీశావని సణిగింది.

మర్నాడు కన్ను ఎర్రగా వాచింది. మా ఆయన నర్సీపట్నం వెళ్లి, డాక్టరుకు చూపించకుండానే మందుల షాపులో చుక్కలమందు అడిగి తెచ్చాడు. వేయగానే ఎరుపు తగ్గింది. అందరూ సంతోషించారు. తర్వాత పొద్దున్నే రెప్పలు పసుపుపచ్చ చీముతో అంటుకుపోవడం మొదలైంది. నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ లేచింది. తలగడకంటిన చీము వాసనకు నాకే అన్నం సహించేది కాదు. మా ఆయన అటు తిరిగి పడుకునేవాడు.

చివరికి నర్సీపట్నం నుంచి మా అమ్మ వచ్చి విశాఖ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరుగారు మచ్చ మీద గీకి, అద్దంముక్క మీద పూసి పరీక్షించారు. ఆకు గీరిన చోట ఫంగస్ చేరి పుండయిందన్నారు. నాలుక సంగతి చెప్తే ఆయన ముఖం చిట్లించారు. నోట్లో ఉండే క్రిములు కూడా పుండులోకి దిగుతాయట. మా చుక్కల సీసా తిప్పి చూసి, "ఇది స్టెరాయిడ్ అమ్మా. ఎరుపు తగ్గిస్తుంది, లోపల ఫంగస్‌ని పెంచుతుంది. ఇది ఎంత మంది కళ్లు తీసిందో" అన్నారు.

అమ్మ దగ్గరే ఉండి నెలల తరబడి మందు వేసుకున్నాక పుండు మానింది. కన్ను దక్కింది, చూపు దక్కలేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. దాని వెనక నుంచి వెలుతురు తప్ప మరేమీ తెలియదు.

అత్తగారు నన్ను చూడ్డానికి అమ్మ వాళ్లింటికి వచ్చింది.

"ఆ ముసలామె సెయ్యి మంచిదే. నీకే పడనేదు" అంది నా గడ్డం పట్టుకోబోతూ.

నేను వెనక్కి జరిగాను. నా ముఖం మీదికి ఇంకొకరి చెయ్యి రావడం, ఆ ముసలామె నా రెప్పలు విడదీసిన రోజు నుంచి భరించలేను.